కొబ్బరి ఈనెల వంతెన

"దిగుతావా? నన్నే పైకి రమ్మంటావా?"

మరిడమ్మ చేతికర్రతో గడ్డిమేటు మీద ఒక్కటేసింది. నాలుగు పరకలు రాలాయి తప్ప పైన కూర్చున్న మనవరాలు కదల్లేదు.

"రా నానమ్మా. ఇక్కడ బోల్డంత చోటుంది," అంది దుర్గాశ్రీ.

కొత్త గౌను, రెండు జడలు, వీపున సంచి. పెద్దాపురం వెళ్ళడానికి పొద్దున్నే ముస్తాబైన పిల్ల, ఆటో వచ్చి వాకిట్లో ఆగేసరికి గడ్డిమేటెక్కి కూర్చుంది. ఎలా ఎక్కిందో ఎవరూ చూడలేదు. ఎలా దింపాలో ఎవరికీ తోచడం లేదు.

వీధిలోంచి బుజ్జిబాబు హారన్ కొట్టాడు. "పెద్దిరాజు గారూ! పిల్ల ఎక్కేది నా ఆటో అనుకున్నానండి. గడ్డిమేటని ముందే చెప్తే నేను ఇంకో బేరం చూసుకుందును కదండీ!"

"ఉండవయ్యా బాబూ," అని విసుక్కుని పెద్దిరాజు కూతురి వైపు తలెత్తాడు. "దుర్గా, నీకేం కావాలో చెప్పమ్మా."

"చెల్లి కూడా రావాలి. దేవి రాకపోతే నేనూ వెళ్ళను. అన్నం కూడా ఇక్కడికే పంపించండి."

ఆ మాట దేవిశ్రీ విన్నదో లేదో తెలియదు. పశువుల పాక అవతల, అటు తిరిగి కూర్చుని దూడ మెడ నిమురుతోంది. పరీక్ష సంగతి తెలిసిన దగ్గర్నుంచీ ఆ పిల్ల ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదు.

ఇద్దరూ ఒకే పొద్దున పుట్టిన కవలలు. ఒకే రంగు గౌన్లు, ఒకే బెంచీ, ఒకే కంచం. ఊళ్ళో బడిలో నాలుగో తరగతి. ప్రేమ్ కుమార్ మాస్టారు ఆ బడికి వచ్చి, పిల్లలందరికీ పొడుపు లెక్కలతో చిన్న పరీక్ష పెట్టి, ప్రతి ఆదివారం పెద్దాపురంలో తమ ఇంట్లో జరిగే క్లాసుకి దుర్గాశ్రీని రమ్మన్నారు. దేవిశ్రీని రమ్మనలేదు. చుట్టుపక్కల ఊళ్ళలో, పాఠం పూర్తికాకముందే పట్టేసి ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచక కూర్చునే చిన్నపిల్లల్ని ఏరి, వాళ్ళ బుర్రలకి సరిపడా పని పెట్టే క్లాసు అది. ఫీజు లేదు, మార్కులు లేవు.

ఆ కబురు వచ్చిన రోజు ఇంట్లో మిఠాయి పంచుకోవలసింది. దానికి బదులు పోట్లాట మొదలైంది. ఇప్పటికీ సాగుతూనే ఉంది.

"ఇద్దర్నీ ఒక్క కడుపున మోసింది నా కోడలు," అంది మరిడమ్మ, ఈసారి కొడుకు వైపు తిరిగి. "ఒకదానికి బుర్రుందంట, ఇంకోదానికి లేదంట. ఇదేం న్యాయంరా? నేనూ వస్తాను పెద్దాపురం. ఆ మాస్టారి మొహం మీదే అడుగుతాను."

"బుర్ర లేదని ఆయనన్లేదమ్మా."

"నువ్వూరుకో. మీ నాన్న కూడా ఇంతే. అందరూ మంచోళ్ళే మీకు."

వీరవేణి వంటింట్లోంచి బయటికి వచ్చింది. తడి చేతులు కొంగుకి తుడుచుకుని, నెమ్మదిగా అంది. "ఆటోని పంపించేయండి. ఇద్దరూ వెళ్ళొద్దు."

పెద్దిరాజు చివాల్న తిరిగాడు. "మళ్ళీ మొదలెట్టావా?"

"మొదలెట్టడం కాదండీ. తేల్చేస్తున్నాను."

"బళ్ళో మేడం గారేం చెప్పారు? దుర్గ లెక్కలన్నీ ముందే చేసేసి, మిగతా పీరియడంతా కిటికీలోంచి కొంగల్ని చూస్తా కూర్చుంటోందని చెప్పలేదా? పిల్ల ఆకలితో ఉంటే కంచం లాగేస్తానంటావేంటి?"

"ఒకదానికి వడ్డించి, రెండోదాన్ని చూస్తా కూర్చోమంటారా?"

పెద్దిరాజు తల పక్కకు తిప్పుకున్నాడు.

"మా అక్కని హాస్టల్లో వేసిన రోజు నాకింకా గుర్తేనండీ," అంది వీరవేణి. గొంతు బాగా తగ్గింది. "నాకు సీటు రాలేదు. బస్సు కదిలే దాకా నవ్వుతా చెయ్యూపమన్నారు మా నాన్న. ఊపాను. మళ్ళీ మా అక్కతో మామూలుగా మాట్లాడ్డానికి నాకెన్నాళ్ళు పట్టిందో మా ఇంట్లో కూడా ఎవరికీ తెలీదు. నా కూతుళ్ళకది వద్దు."

పెళ్ళయిన దగ్గర్నుంచీ భార్య నోట ఆ మాట వినలేదు పెద్దిరాజు. మరిడమ్మ ఎత్తిన కర్ర దించింది. వీధిలో బుజ్జిబాబు, ఏమనుకున్నాడో ఏమో, ఇంజను ఆపేశాడు.

అప్పుడు లేచింది దేవిశ్రీ.

పాక గోడకి ఆనించి ఉన్న చిన్న వెదురు నిచ్చెనని ఈడ్చుకుంటూ వచ్చింది. సాయం చెయ్యబోయిన తండ్రిని "వద్దు నాన్నా, నేనే" అని ఆపింది. నిచ్చెన మేటుకి ఆనించి, ఎక్కి, అక్క పక్కన కూర్చుంది.

"దిగవే," అంది.

"నువ్వొస్తావా?"

"నేను రాను."

"అయితే నేనూ దిగను."

"నాకు ఆదివారం కావాలి దుర్గా."

"అంటే?"

"నువ్వు లేని ఆదివారం."

దుర్గాశ్రీ నోరు తెరిచింది కానీ మాట రాలేదు. ఆ పిల్లకి మాట రాకపోవడం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఎరుగరు.

"క్లాసులో మేడం నన్నేదడిగినా నువ్వే చెప్పేస్తావు. ఇంట్లో నాన్న అడిగినా నువ్వే. నేను ఆలోచిస్తా ఉంటాను. నాకూ వస్తది. కొంచెం లేటుగా వస్తది. అదొచ్చే లోపే నువ్వు చెప్పేస్తావు."

"నీకు హెల్ప్ చేద్దామనే కదే..."

"తెలుసు. అందుకే ఇన్నాళ్ళూ తిట్టలేదు."

"మరి పాక దగ్గర కూర్చుని ఎందుకేడుస్తున్నావ్?"

"పరీక్ష గురించి కాదు. అందరూ నన్నెలా చూస్తున్నారో చూడు. నానమ్మ నాకొక్కదానికే దొంగచాటుగా కాజాలు పెడతంది. అమ్మ జడ వేస్తా వేస్తా తల నిమురుతోంది. నేను కనపడితే చాలు, నాన్న నీ గురించి మాట్లాడ్డం ఆపేస్తన్నాడు. నాకేదో జబ్బు చేసినట్టు. దానికొస్తోంది ఏడుపు."

కింద నిలబడ్డ ముగ్గురు పెద్దవాళ్ళూ ఒకరి మొహాలు ఒకరు చూసుకోలేదు. మరిడమ్మ మాత్రం కొంగున ముడేసుకున్న కాజా పొట్లాన్ని మెల్లగా వెనక్కి తిప్పుకుంది.

"నేను లేకపోతే నీకు బాగుంటదా?" దుర్గాశ్రీ జడ చివర మెలిపెడుతూ అడిగింది.

దేవిశ్రీ కాసేపు నిజంగానే ఆలోచించింది. "రాత్రి కూడా రాకపోతే బాగోదు. సాయంత్రం దాకా అయితే బాగుంటది."

ఎవరు ముందు నవ్వారో చెప్పడం కష్టం. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వుతూ, నిచ్చెన మాట మర్చిపోయి, గడ్డితో సహా జారుకుంటూ వచ్చి మరిడమ్మ కాళ్ళ దగ్గర పడ్డారు. కట్టుకున్న రిబ్బన్లలో ఒకటే మిగిలింది. పెద్దిరాజు వంగి ఇద్దర్నీ చెరో చేత్తో లేపాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి, మొహం నిండా నవ్వుంది.

"ఒక షరతు," అంది దేవిశ్రీ, గౌను దులుపుకుంటూ. "సాయంత్రం వచ్చాక నాకు పాఠం చెప్పకూడదు. ఏం జరిగిందో చెప్పు, చాలు."

"ఆటో ఎక్కండ్రా బాబూ!" వీధిలోంచి కేకేశాడు బుజ్జిబాబు.

*

దేవిశ్రీ తండ్రితో పొలం వెళతానంది. దుర్గాశ్రీతో తల్లీ నానమ్మా బయల్దేరారు. పిల్లని మొదటి రోజు దింపి రావాలని వీరవేణి. మాస్టార్ని నిలదీసి రావాలని మరిడమ్మ.

ప్రేమ్ కుమార్ మాస్టారిది పాత పెంకుటిల్లు. కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషి. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, చొక్కా చేతులు మడిచి, వరండాలో పిల్లల మధ్య కింద కూర్చుని ఉన్నారు. ఇంతింత తెలివైన పిల్లలు చేతులు కట్టుకుని కూర్చుని ఉంటారనుకుంది మరిడమ్మ. సంతలో కూడా అంత గోల వినలేదు ఆవిడ.

"మాస్టారూ, ఓ మాట అడగాలండి," అంది నిలబడే. "మా రెండో పిల్లకి బుర్ర లేదని ఎలా తేల్చారండీ?"

వీరవేణి "అత్తయ్యా" అని చెయ్యి పట్టుకుంది. దుర్గాశ్రీ తల్లి వెనక దాక్కుంది.

మాస్టారు లేచి నిలబడ్డారు. "దేవిశ్రీ కదండీ? ఎందుకు గుర్తుండదు! చివరి ప్రశ్న దగ్గర ఏం రాసిందో తెలుసాండీ? ‘ఈ ప్రశ్న చాలా బాగుంది, ఇంటికెళ్ళి నిదానంగా చేసుకుంటాను’ అని రాసిందండీ."

"ఆ?"

"ఆ పిల్లకి బళ్ళో విసుగ్గా లేదండి. హాయిగా ఉంది. నా ఇంట్లో చోటు కొంచెమే. విసుగుతో చచ్చిపోతున్నవాళ్ళని ముందు పిల్చాను. అంతేనండీ. బుర్ర కొలిచే తక్కెడ నా దగ్గర లేదండి."

మరిడమ్మ ఇంటి దగ్గర్నుంచి కూర్చుకుని వచ్చిన మాటలు ఇంకా చాలా ఉన్నాయి. వాటిలో ఒక్కటీ పనికొచ్చేలా కనపడలేదు. "అలాగైతే సరే," అని అరుగు మీద చతికిలబడింది. కాసేపటికి, పెన్సిలు కొరుకుతున్న ఓ కుర్రాణ్ణి, "నోట్లోంచి తీ అది," అని కసిరింది కూడా.

ఆ రోజు పని వంతెన కట్టడం. పిల్లలు ఇద్దరిద్దరుగా జట్టయ్యారు. ఒక్కో జట్టుకి రెండు స్టూళ్ళు, గుప్పెడు కొబ్బరి ఈనెలు, ఒక దారపుండ. స్టూళ్ళ మధ్య ఎడం మీద వంతెన కట్టి, దాని మీద ఒలిచిన కొబ్బరికాయ నిలబెట్టాలి. జిగురు వాడకూడదు. ఎలా కట్టాలో మాస్టారు చెప్పలేదు.

దుర్గాశ్రీకి జట్టు సామర్లకోట నుంచి వచ్చే ఉదయ్‌కుమార్. వాడూ ఆగకుండా మాట్లాడే రకమే.

"నాకు తెలుసు," అంది దుర్గాశ్రీ వెంటనే.

"నాకూ తెలుసు," అన్నాడు వాడు.

ఈనెలు వరసగా పేర్చి చకచకా కట్టేశారు. అందరికంటే ముందు కాయ పెట్టారు. పటుక్కుమంది. కాయ దభీమని కింద పడింది.

ఇంకో వరస వేసి మళ్ళీ కట్టారు. మళ్ళీ పడింది. ఈసారి వాడు చెప్పినట్టు కట్టారు. అది కాయ పెట్టకముందే ఒరిగిపోయింది.

వరండా చివర నిలబడ్డ వీరవేణి అప్పుడే చెప్పుల కోసం వెతుక్కుంటోంది. తన కూతురు ఏదైనా చెయ్యలేకపోవడం ఆమె ఇంతవరకు చూడలేదు. ఇప్పుడేడుస్తుంది, ఇంటికెళ్ళిపోదామంటుంది, ఇక జన్మలో ఇటు రానంటుంది అనుకుంటోంది.

దుర్గాశ్రీ లేచి ఒక్క పరుగున వచ్చి తల్లి నడుం పట్టుకుంది.

"అమ్మా! నాకు రాలేదు!"

"పోనీలేమ్మా, ఏడవకు..."

"ఏడవట్లేదమ్మా! నిజంగా రాలేదు!" తలెత్తింది. ఆ మొహం వెలిగిపోతోంది. "మూడుసార్లు పడిపోయింది. ఉదయ్‌కి కూడా రాలేదు. ఎవరికీ రాలేదమ్మా! మాస్టారు కూడా చెప్పరంట! మేమే కనుక్కోవాలంట!"

ఎంత వేగంగా వచ్చిందో అంత వేగంగా వెనక్కి పరిగెత్తింది.

వీరవేణి అలాగే నిలబడిపోయింది. బడినుంచి వచ్చాక ఈ పిల్ల సంచి ఒక మూల పడేసి, ఏమీ తోచక వీధి గుమ్మంలో ఊగుతూ నిలబడే సాయంత్రాలు గుర్తొచ్చాయి. చదువులో ముందుంది కదా, ఇంక దీనికేం లోటు అనుకుంది ఇన్నాళ్ళూ. చేతికందేవన్నీ అందేసి, ఇంకేమీ మిగలక నిలబడేదని ఇప్పుడర్థమైంది.

తనకి తెలియకుండానే వెళ్ళి పిల్లల పక్కన కూర్చుంది. ఓ చిన్నపిల్ల దారం చూపించి అడిగింది. "ఆంటీ, ఇలా ముడేస్తే ఆగుతుందా?"

"నాకు తెలీదమ్మా. వేసి చూడు."

ఆ పిల్ల వేసి చూసింది. ఆగలేదు. ఇద్దరూ నవ్వుకున్నారు.

"ఆంటీ, మాది ఎందుకు పడిపోతోంది?" అన్నాడు ఉదయ్‌కుమార్.

"నాకేం తెలుసు నాన్నా? ముందెక్కడ విరిగిందో చూశారా?"

దుర్గాశ్రీ, ఉదయ్‌కుమార్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చూడలేదు. మళ్ళీ కట్టడానికి తొందరపడటంలో విరిగినవాటిని పక్కకి తోసేశారు. ఇప్పుడు వాటిని ఏరి వరసగా పెట్టుకున్నారు. అన్నీ సరిగ్గా నడుమే విరిగాయి.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడటం తగ్గించారు. ఈనెల్ని కట్టలు కట్టారు. ఒక కట్టని ఇంకో కట్టకి అడ్డంగా పెట్టి విప్పారు. అలా కాదని ఏటవాలుగా పెట్టారు. మధ్యాహ్నం అన్నాలు చల్లారిపోయాయి, ఎవరూ పట్టించుకోలేదు. ఎప్పుడో ఒకప్పుడు దుర్గాశ్రీ కాయని రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా వంతెన మీద పెట్టి, మరీ మెల్లగా చేతులు తీసింది.

నిలబడింది.

పిల్లలంతా చుట్టూ మూగారు. మరిడమ్మ కూడా అరుగు మీంచి లేచి వచ్చింది.

సరిగ్గా అప్పుడు ఉదయ్‌కుమార్ తుమ్మాడు.

కాయ దొర్లింది. స్టూలు మీంచి నేల మీదికి, నేల మీంచి వరండా మెట్ల మీదికి పడి రెండు చెక్కలైంది. వంతెన మాత్రం చెక్కుచెదరలేదు.

"వంతెన నిలబడింది!" ప్రేమ్ కుమార్ మాస్టారు పిల్లల కంటే గట్టిగా అరిచారు. "దొర్లకుండా ఆపడం వచ్చే వారం పని!"

పిల్లలు గెంతారు. దుర్గాశ్రీ తల్లిని చుట్టేసింది. మరిడమ్మ కాయ చెక్కలు ఏరి, మాస్టారి వంటింట్లో దూరి, కొబ్బరి కోరి బెల్లం కలిపి ఆకుల్లో పెట్టి పంచిపెట్టింది. ఆ ఇంటికి తాను పోట్లాటకి వచ్చిన సంగతి ఆవిడకి గుర్తున్నట్టు లేదు.

వెళ్ళేముందు మాస్టారు వీరవేణి దగ్గరకి వచ్చారు.

"మీరేం చదువుకున్నారమ్మా?"

"టెన్తండీ." ఒక క్షణం ఆగి, "పాసయ్యానండి," అంది.

"ప్రతి ఆదివారం మీరు కూడా రాగలరా? నాకు తోడుగా. పిల్లల దగ్గర కూర్చోవడానికి."

వీరవేణి సరిగా వినలేదేమో అనుకుంది. "నేనాండీ? నాకేం వచ్చండీ?"

"ఇందాకట్నుంచీ చూస్తున్నాను. తెలిస్తే చెప్పేస్తారు, తెలీకపోతే తెలీదని అనరు మనలాంటి పెద్దవాళ్ళు. నాకే నోరాగదండి. పిల్లలు కాస్త తడబడితే చాలు, చెప్పేయబోతాను. మీరు మూడు గంటలు కూర్చుని ఒక్కదానికీ జవాబు చెప్పలేదు."

"నిజంగానే తెలీదండి మరి!"

"అదేనమ్మా నాక్కావల్సింది," అని పకపకా నవ్వారాయన. "ఇంట్లో అడిగి చెప్పండి. తొందరేం లేదు."

వీరవేణి చుట్టూ చూసింది. దారపు ముక్కలు, విరిగిన ఈనెలు, బెల్లం అంటిన మూతులు. ఇందాకటి చిన్నపిల్ల వచ్చి ఆమె పక్కన నిలబడింది, వచ్చే వారం కూడా ఇక్కడే ఉంటారు కదా అన్నట్టు.

*

ఆటోలో దారి పొడవునా దుర్గాశ్రీ బుజ్జిబాబుకి వంతెన కథ చెబుతూనే ఉంది. "ఆయ్, తర్వాతేమైందండీ?" అంటూ అతను వింటున్నాడు. మరిడమ్మ కోడల్నే చూస్తూ కూర్చుంది. మాస్టారు కోడలితో మాట్లాడిన మాటలన్నీ ఆవిడ వంటింటి తలుపు వెనక నిలబడి విన్నది. వీరవేణికి ఆ సంగతి తెలుసు.

ఇంటి దగ్గర ఆటో దిగేసరికి పెద్దిరాజు, దేవిశ్రీ అప్పుడే పొలం నుంచి వచ్చి నూతి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నారు. ఇద్దరికీ మోకాళ్ళ దాకా బురద. ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు.

"ఇది ఇన్ని కబుర్లు చెప్తదని నాకిన్నాళ్ళూ తెలీదు వీరవేణీ!" అన్నాడు పెద్దిరాజు పెద్దగా నవ్వుతూ. "బోదె కాలువ గట్టు మీద కూర్చోబెడితే ఇంతవరకు నోరు ముయ్యలేదు. ఎండ్రకాయ పక్కకెందుకు నడుస్తదని నన్నడిగింది. తెలీదన్నాను. అయితే ఆలోచిద్దాం నాన్నా అంది. ఇక ప్రతి ఆదివారం మేమిద్దరం పొలంలోనే!"

దేవిశ్రీ అక్కని చూసింది. "నీకేమైంది?"

"మూడుసార్లు పడిపోయింది!" అంది దుర్గాశ్రీ, ఏదో బహుమతి గెలుచుకొచ్చినట్టు.

"నిజంగా? చెప్పు, చెప్పు!" ఇద్దరూ చేతులు పట్టుకుని పెరట్లోకి పరిగెత్తారు.

వాళ్ళు కనుమరుగయ్యే దాకా చూసి, వీరవేణి భర్త వైపు తిరిగింది. పొద్దున ఇదే వాకిట్లో ఇద్దరూ వెళ్ళొద్దని తేల్చి చెప్పిన గొంతు ఇప్పుడు తడబడింది.

"ఏవండీ. ఆదివారం ఆదివారం నన్ను కూడా రమ్మన్నారండి మాస్టారు. పిల్లల దగ్గర ఉండటానికి."

పెద్దిరాజు నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. "నిన్నా? ఆదివారం పూటంతానా?" పాకలోకీ, వంటింట్లోకీ, నూతి గట్టు మీద పాల తపేలాలోకీ చూశాడు. "ఆలోచించి చెప్తామని అనకపోయావా?"

"ఇంట్లో అడిగి చెప్పమనే అన్నారండి ఆయన."

"మరింకేం?"

"వస్తానని చెప్పేశానండి."

కిరాయి కోసం నిలబడ్డ బుజ్జిబాబు, ఇప్పుడడగడం బాగోదనుకుని, ఆటో అద్దం తుడవడం మొదలెట్టాడు. పెరట్లోంచి పిల్లల నవ్వులు వినిపిస్తున్నాయి.

పెద్దిరాజు తల్లి వైపు చూశాడు. వీరవేణి కూడా చూసింది.

అరుగు మీద కూర్చున్న మరిడమ్మ, కర్రని పక్కన ఆనించి, కొడుకుని కాదు, కోడల్ని నిలువునా ఒకసారి చూసి, కొంగు ముడి విప్పి కాజా పొట్లం చేతిలోకి తీసుకుని, "నువ్విలా దగ్గరకి రా," అంది.